నీళ్లు పెంచాక దాహమూ పెరిగితే: లెక్క ప్రకారం తాగడమా, దాహం ప్రకారం తాగడమా, ఏది మేలు?

రోజుకు లీటరున్నర నీళ్లతో సరిపెట్టుకునేవారు ఎవరి సలహా మీదనో నాలుగైదు లీటర్లకు పెంచాక, దాహం తగ్గవలసింది పోయి ఇంకా పెరిగిందని చెప్పడం తరచుగా వింటుంటాం. వినగానే విడ్డూరంగా తోచినా ఈ అనుభవం భ్రమేమీ కాదు. అలాంటివారు సాధారణంగా రెండు మార్గాల మధ్య ఊగిసలాడుతుంటారు. పెట్టుకున్న లెక్క తప్పకుండా గంటకో గ్లాసు చొప్పున తాగుతూ పోతే శరీరం అదే అలవాటు పడుతుందన్నది ఒక మార్గం. లెక్కలన్నీ పక్కన పెట్టి దాహం వేసినప్పుడే తాగితే చాలన్నది రెండోది.

రక్తంలో సోడియం గాఢత ఒకటి రెండు శాతం పెరిగితే చాలు, మెదడులోని హైపోథాలమస్ దాన్ని పసిగట్టి ఒకవైపు దాహం పుట్టిస్తుంది, మరోవైపు వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను విడుదల చేయించి, మూత్రంలో పోయే నీటిని మూత్రపిండాలు వెనక్కి పట్టుకునేలా చేస్తుంది. నీళ్లు తాగినప్పుడు అవి పేగుల నుంచి రక్తంలోకి పూర్తిగా చేరకముందే, నోరూ గొంతూ కడుపూ పంపే సంకేతాలతోనే దాహం చల్లారుతుంది. అంటే దాహం తీరడం, ఒంట్లో నీరు నిలవడం ఒకటి కావు. నీళ్లు పెంచినవారి ఇబ్బంది చాలావరకు ఈ తేడాలోనే ఉంది.

లెక్క ప్రకారం తాగే పద్ధతిలో మనవాళ్లు ఎక్కువగా పాటించేది పరగడుపున లీటరు, లీటరున్నర ఒకేసారి తాగడం. వెంట తిండి లేకుండా ఇంత నీరు చేరగానే రక్తం పలుచబడుతుంది, వాసోప్రెసిన్ పడిపోతుంది, గంటా రెండు గంటల్లో ఆ నీటిలో అధికభాగం తెల్లటి మూత్రంగా బయటికి వెళ్లిపోతుంది. ఇది ఒక పూటతో పోయే సంగతి అయితే చింత లేదు. కానీ మూత్రాన్ని చిక్కబరచడానికి మూత్రపిండాల లోపలి పొరలో లవణాలూ యూరియా పేరుకుని ఉండాలి; రోజుల తరబడి అతిగా నీళ్లు తాగితే ఆ నిల్వ కొట్టుకుపోయి, నీటిని పొదుపు చేసే శక్తి తగ్గుతుంది. రోజుకు సుమారు 10 లీటర్ల చొప్పున కొన్నాళ్లు నీళ్లు తాగినవారిలో మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తగ్గిందని 1957లో ప్రచురితమైన ఒక ప్రయోగం చూపింది. నాలుగైదు లీటర్లు తాగేవారిలో ఈ మార్పు అంత తీవ్రంగా ఉండకపోవచ్చు గాని, బస్సు ప్రయాణంలోనో ఆఫీసు మీటింగులోనో రెండు మూడు గంటలు నీళ్లకు ఎడం వస్తే, మూత్రపిండాలు వెంటనే పొదుపు మొదలుపెట్టలేక ఇంకొంత నీటిని వదిలేస్తాయి. అప్పుడు వేసేది నిజమైన దాహమే, అయితే అది మనం తెచ్చిపెట్టుకున్నది. ఇన్నాళ్లూ శరీరం దాహాన్ని మరిచిపోయిందనీ, నీళ్లు పెంచాక అది మేలుకొందనీ చెప్పే వివరణ వినసొంపుగా ఉంటుంది గాని, నాకు దానికి గట్టి ఆధారం కనిపించలేదు.

దీనికి నోరు ఎండిపోవడం తోడవుతుంది. లాలాజలంలోని జిగురు పదార్థాలే నోటిని తడిగా ఉంచుతాయి. నిమిషనిమిషానికీ గుక్కెడు తాగుతుంటే నీరు ఆ పొరను కడిగేస్తుంది, కాసేపటికి నోరు మళ్లీ పొడిబారినట్టనిపిస్తుంది. ఏసీ గదిలో నోటితో గాలి పీల్చేవారికి, జలుబుకు సెట్రిజిన్ వంటి మాత్రలు వేసుకునేవారికి ఇది మరీ ఎక్కువ. సీసా పక్కనే పెట్టుకుని ఇలా గుక్కలు వేయడం వల్ల లెక్క పూర్తవుతుందేమో గాని, నోరు మాత్రం కుదుటపడదు.

ఇంతకీ రోజుకు ఎనిమిది గ్లాసులన్న మాటకు తరచుగా చూపే మూలాల్లో 1945 నాటి ఒక అమెరికా సిఫారసు ఉంది. రోజుకు రెండున్నర లీటర్ల నీరు కావాలని చెప్పిన ఆ పత్రమే, అందులో చాలా భాగం తినే ఆహారంలోనే దొరుకుతుందని కూడా చెప్పింది. ప్రచారంలో ఆ రెండో వాక్యం జారిపోయింది. అన్నం బరువులో మూడింట రెండు వంతులు నీరే. చారు, పప్పుపులుసు, మజ్జిగ కలిసే మన భోజనం తినేవారు ఆ లెక్కను గ్లాసులతోనే నింపాలనుకోవడం అనవసరమైన శ్రమ.

ఈ కారణాల వల్ల, నీడపట్టున పనిచేసే ఆరోగ్యవంతులకు దాహం ప్రకారం తాగడమే మేలని నా అభిప్రాయం. అయితే ఈ పద్ధతి అందరికీ నప్పదు. వయసు మీదపడ్డవారిలో దాహపు సంకేతం మందగిస్తుంది కనుక అమ్మమ్మలకూ తాతయ్యలకూ వేళకు గ్లాసు అందించడమే సరైనది. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారు రోజుకు కనీసం రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా తాగాలని వైద్యులు చెబుతారు. అంత పరిమాణం దాహం మీద ఆధారపడితే రాదు. మే నెల ఎండలో రామగుండంలోనో రెంటచింతలలోనో కూలిపని చేసేవారు దాహం వేసేదాకా ఆగకూడదు. గుండె బలహీనత ఉన్నవారికి, డయాలసిస్ మీద ఉన్నవారికి ఈ రెండు పద్ధతులూ వర్తించవు. వారి కొలత డాక్టరు చెప్పాలి.

ఎండలో తాగేవారైనా ఉత్త నీళ్లనే అతిగా తాగితే ప్రమాదం ఉంది. రక్తంలో సోడియం సాధారణంగా లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ ఉండాలి. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మంది పరుగువీరుల్లో 13 శాతం మందికి అది 135 లేదా అంతకన్నా తక్కువగా తేలింది. వారిలో ఎక్కువమంది దారిలో అతిగా తాగి, పరుగు చివరికి బరువు పెరిగినవారు.

చెమటలో నీటితోపాటు ఉప్పు కూడా పోతుంది కాబట్టి, ఎండపని చేసేవారికి ఉత్త నీళ్ల కన్నా చిటికెడు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మేలు. చలివేంద్రాల్లో మజ్జిగ పోయడం వెనక ఉన్న అనుభవం శాస్త్రానికీ సరిపోతుంది. కాని రోజంతా ఏసీలో కూర్చుని, మూడు పూటలా ఆవకాయో మాగాయో తినేవారికి ఉప్పు మజ్జిగ అక్కరలేదు. రోజుకు 5 గ్రాముల ఉప్పు మించరాదన్న హద్దు వారికి పచ్చళ్లతోనే దాటిపోతుంది, వారి దాహానికి కారణం కూడా తరచుగా అదే. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. కనుక చెమటలో పోయిన ఉప్పుకు అవి సాటిరావు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మంచివీ కావు. ఓఆర్‌ఎస్ విరేచనాలప్పుడు ప్రాణాలు కాపాడే మందు. లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పుతోపాటు మరో రెండు లవణాలు కలిసే ఆ మిశ్రమాన్ని రోజువారీ పానీయంగా వాడనక్కరలేదు. దాని పేరు పెట్టుకుని అమ్మిన తియ్యటి డబ్బా పానీయాల సంగతి వేరే. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో గాని ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని తేల్చి చెప్పలేదు.

ఆర్వో నీళ్ల వల్లే దాహం తీరడం లేదన్న అభిప్రాయం మన ఊళ్లలో బలంగా ఉంది. నీళ్ల నుంచి మనకందే సోడియం తిండి నుంచి వచ్చేదానితో పోలిస్తే చాలా స్వల్పం. రుచి చప్పగా ఉండటం వల్ల తృప్తి కలగకపోవచ్చు గాని, దాహం పెరగడానికి అది చాలిన కారణం కాదు. చల్లదనం మాత్రం నిజంగానే దాహాన్ని త్వరగా తీరుస్తుంది కనుక గోరువెచ్చని నీళ్లతో తృప్తిపడనివారు కుండ నీళ్లు తాగి చూడవచ్చు.

ఒకవేళ నీళ్లు తగ్గించాలనుకుంటే ఒక్కరోజులో సగానికి కోయకుండా రోజుకో గ్లాసు చొప్పున తగ్గిస్తూ, పరగడుపు లీటరును భోజనాల చుట్టూ పంచుకుంటే మూత్రపిండాలు కొద్దిరోజుల్లో పూర్వస్థితికి వస్తాయి. అయితే అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: నీళ్లు పెంచాక దాహం పెరిగిందా, దాహం పెరగడం మొదలయ్యాకే తెలియకుండా నీళ్లు పెరిగాయా? రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే అది మూత్రంలోకి దిగి, తనతోపాటు నీటినీ లాక్కుపోతుంది. అలాంటివారికి ఎంత తాగినా దాహం తీరదు. రాత్రిళ్లు రెండు మూడుసార్లు మూత్రానికి లేస్తున్నవారు, కారణం లేకుండా బరువు తగ్గుతున్నవారు, రోజుకు మూడు లీటర్లకు మించి మూత్రం పోతున్నవారు ఏ పద్ధతి మేలన్న చర్చను ఆపి, ముందు పరగడుపు షుగరు, గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలు చేయించుకోవాలి. షుగరు బాగానే ఉన్నా మూత్రం అలాగే పోతుంటే డాక్టరు రక్తంలో సోడియం, కాల్షియం పరీక్షలు కూడా చేయిస్తారు. అక్కడ కూడా ఏమీ తేలకపోతేనే గ్లాసుల లెక్క తగ్గించి చూడాలి.