చవకైన 50 ఎం.ఎం. ప్రైమ్ లెన్సు: కొన్నేళ్ల వాడకం తర్వాత

కానన్ 50 ఎం.ఎం. ఎఫ్/1.8 ఎస్‌టీఎం లెన్సును ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న) సెన్సారున్న డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) మీద కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఇది ప్రైమ్, అంటే జూమ్ లేని లెన్సు; 50 ఎం.ఎం. దాని ఫోకల్ దూరం, ఎఫ్/1.8 అది తెరుచుకునే గరిష్ఠ మేర (ఎఫ్ సంఖ్య తగ్గేకొద్దీ ఎక్కువ వెలుతురు వస్తుంది). 2015లో వచ్చిన ఈ లెన్సు బరువు సుమారు 160 గ్రాములే. 1990 నాటి పాత రకానికి ప్లాస్టిక్ మౌంటు (కెమెరాకు తగిలించే భాగం) ఉండగా, దీనికి లోహపు మౌంటు అమర్చారు. ధర తక్కువ కాబట్టి పనితనమూ తక్కువేనని చాలామంది అనుకుంటారు గానీ, చవకకు అసలు కారణం నిర్మాణంలో ఉంది. ఈ కెమెరాల్లో లోపలి అద్దం కదలడానికి వీలుగా మౌంటుకూ సెన్సారుకూ మధ్య 44 మిల్లీమీటర్ల దూరం ఉంచుతారు. ఫోకల్ దూరం అంతకంటే తక్కువైన 24 ఎం.ఎం. వంటి లెన్సులకు ఆ దూరం వల్ల డిజైను జటిలమవుతుంది, 50 ఎం.ఎం. లెన్సుకు ఆ ఇబ్బంది లేదు కనుక ఆరు కటకాలతోనే పని జరిగిపోతుంది.

గుడి మండపంలో ట్యూబులైట్ల కింద హరికథ జరుగుతున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్సు 55 దగ్గర ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు. ఈ లెన్సులో ఎఫ్/1.8 దగ్గర అంతకు దాదాపు పది రెట్ల వెలుతురు అందుతుంది కాబట్టి, ఐఎస్ఓ (సెన్సారు వెలుతురును గ్రహించే స్థాయి) 6400 పెట్టవలసిన చోట 640తో సరిపెట్టుకోవచ్చు. హరిదాసు ముఖంలో రంగులు చెదరవు. అయితే మనిషికి ఒకటిన్నర మీటర్ల దూరంలో నిలబడి ఎఫ్/1.8 వద్ద తీస్తే, స్పష్టంగా పడే లోతు ఆరు సెంటీమీటర్లే. కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి, చెవి దగ్గరకు వచ్చేసరికి మసకబారుతుంది. అందుకే ముఖచిత్రాలకు నేను ఎక్కువగా ఎఫ్/2.8 వాడతాను, జరీ అంచుల మెరుపు చుట్టూ కనిపించే ఊదా ఛాయ కూడా అక్కడ బాగా తగ్గుతుంది.

ఇంట్లో శుభకార్యాలకు మాత్రం ఇదొక్కటే చాలదు. ఈ చిన్న సెన్సారు మీద, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాపై 80 ఎం.ఎం. లెన్సుతో సమానమైన ఇరుకు దృశ్యం వస్తుంది కాబట్టి, నిలబడ్డ మనిషిని నిలువెల్లా ఫ్రేములో పట్టాలంటే దాదాపు నాలుగు మీటర్లు వెనక్కి జరగాలి. మన గదుల్లో అంత చోటు ఎక్కడుంటుంది? ఇంటి ఫొటోలే ముఖ్యమనుకునేవారు 35 లేదా 24 ఎం.ఎం. ప్రైమ్ ముందుగా కొనడం మేలు. నికాన్ డీ3000, డీ5000 శ్రేణి కెమెరాలున్నవారు సెకండ్‌హ్యాండ్‌లో 50 ఎం.ఎం. ఎఫ్/1.8డీ కొంటే ఆటోఫోకస్ పనిచేయదు, ఎందుకంటే ఆ లెన్సులోనూ ఆ కెమెరాల్లోనూ ఫోకస్ మోటారు లేదు; వారికి లెన్సులోనే మోటారున్న "జీ" రకం కావాలి.

ఒక జాగ్రత్త చెప్పాలి. దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేసినప్పుడు ఎస్‌టీఎం లెన్సు ముందు గొట్టం బయటికి పొడుచుకు వస్తుంది, కొన్ని కెమెరాల్లో కెమెరా ఆపేసినా అది లోపలికి పోదు. సంచిలో పెట్టేముందు, కెమెరా ఆన్‌లో ఉండగానే దూరపు వస్తువు మీద ఫోకస్ చేస్తే అది వెనక్కి వెళుతుంది. విడిగా అమ్మే ఈఎస్-68 హుడ్ (లెన్సు ముందు తగిలించే తొడుగు) తగిలిస్తే ఆ గొట్టానికి నేరుగా దెబ్బ తగలదు.