గిలిగిచ్చ, నాగదంతి ఉన్న సీతాకోకచిలుకల మొక్కల సెట్టు: నా సమీక్ష

ఒక ఆన్‌లైన్ నర్సరీ 450 రూపాయలకు అమ్ముతున్న ఈ సెట్టులో జిల్లేడు, గిలిగిచ్చ, నాగదంతి మొక్కలు ఒక్కొక్కటి ఉంటాయి. వేళ్ల చుట్టూ మట్టి చెదరకుండా క్షేమంగా చేరాయి, త్వరగానే నిలదొక్కుకున్నాయి. నా అసంతృప్తి అంతా సెట్టుతో వచ్చిన కరపత్రంతోనే. జిల్లేడు గొంగళిపురుగులకు మేత అనీ, మిగిలిన రెండూ మకరందం కోసమనీ రాసి ఊరుకున్నారు.

ప్లెయిన్ టైగర్ మగ సీతాకోకచిలుకలకు ఈ రెండింటితో అంతకన్నా పెద్ద పని ఉంది. అవి ఈ మొక్కల వాడిపోయిన ఆకులనూ ఎండిన కొమ్మలనూ తొండంతో తడిపి, వాటిలోని పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే విష రసాయనాలను పీల్చుకొని, డానైడోన్ అనే వాసన ద్రవ్యాన్ని తయారు చేసుకుంటాయి. పొట్ట చివర దాగి ఉండే కుంచెల వంటి వెంట్రుకల గుత్తులను వెనుక రెక్కల మీది సంచులకు తాకిస్తేనే అది సరిగా తయారవుతుందని 1978లో శాస్త్రవేత్త బోప్రే బృందం చూపింది. జతకట్టే వేళ మగది ఆ గుత్తులను విప్పి ఆడదాని స్పర్శశృంగాలకు ఆ వాసన సోకేలా చేస్తుంది. దీని దగ్గరి బంధువైన ఫ్లోరిడా క్వీన్ సీతాకోకచిలుకలలో డానైడోన్ కొరవడిన మగవి ఎంత వెంటపడినా ఆడవి అరుదుగానే అంగీకరించాయని శాస్త్రవేత్తలు ప్లిస్కే, ఐస్నర్ 1969లో వెల్లడించారు. ఇంతటి విషయాన్ని మకరందం అన్న ఒక్క మాటతో సరిపెట్టడం నాకు బాధ కలిగించింది.

విరిగి వాడిన గిలిగిచ్చ రెమ్మ మీద మగది రెక్కలు ముడిచి వాలినప్పుడు, వెనుక రెక్క మీద నల్లని అంచుతో, నడుమ తెల్లగా, కాస్త ఉబ్బెత్తుగా ఉన్న మచ్చ స్పష్టంగా కనిపించింది. ఆడవాటికి లేని ఆ మచ్చే వాసన సంచి.

ఎండిన కొమ్మలను ఎప్పటికప్పుడు కత్తిరించాలనీ, వారానికోసారి వేపనూనె చల్లాలనీ కరపత్రం ఇచ్చే సలహాలను మాత్రం దయచేసి పాటించకండి. మొదటిది మగవాటికి కావలసిన సరుకును పారవేయిస్తుంది, రెండవది గొంగళిపురుగులకు హాని చేస్తుంది. ఈ ఆల్కలాయిడ్లు కాలేయాన్ని దెబ్బతీస్తాయి కనుక గిలిగిచ్చ, నాగదంతులను పశువులకూ పిల్లలకూ అందకుండా ఉంచాలన్న హెచ్చరిక తప్పక ఉండవలసింది, అది లేదు.

మొక్కల నాణ్యతకు అయిదులో నాలుగు, సమాచారానికి ఒకటి ఇస్తాను. జిల్లేడు మనకు ఏ రోడ్డు పక్కనైనా దొరుకుతుంది కనుక, దాని బదులు రెండో గిలిగిచ్చ మొక్కను ఇస్తే ఈ ధర సమంజసమే.