బయో-ఆస్ ఎముక రేణువులు: ఒక దంతవైద్యుడి వాడుకలో

పన్ను తీసిన తరువాత ఆ గుంట చుట్టూ ఉన్న దవడ ఎముక, ముఖ్యంగా పెదవి వైపున్న పలుచని గోడ, కొద్ది నెలల్లోనే కరిగి లోపలికి కుంగిపోతుంది. తరువాత అక్కడ ఇంప్లాంట్ (కట్టుడు పన్నుకు వేరులా ఎముకలో బిగించే మర) బిగించాలంటే వెడల్పు చాలదు. ఆ గుంటను నింపడానికి నేను ఎక్కువగా వాడుతున్నది స్విట్జర్లాండ్‌కు చెందిన గైస్ట్‌లిష్ సంస్థ వారి బయో-ఆస్.

ఇది పశువు ఎముక. ఆస్ట్రేలియాలో పెరిగిన పశువుల ఎముకలను ముడిసరుకుగా తీసుకుంటారు. ఆ దేశపు పశువుల్లో, మనుషులకూ సోకగల మ్యాడ్ కౌ అనే మెదడు వ్యాధి నమోదు కాలేదన్నది ఈ ఎంపికకు పెద్ద బలం. వేడితోను, గాఢమైన క్షారంతోను కొవ్వునూ మాంసకృత్తులనూ తొలగించి, ఖనిజాన్ని మాత్రమే మిగులుస్తారు. వేడి ఎంత అన్నదే ఇక్కడ అసలు కీలకం. పశువు ఎముకనే 1,200 డిగ్రీలు దాటించి కాల్చి చేసే సెరాబోన్ వంటి సరుకులో స్ఫటికాలు అతుక్కుని పెద్దవవుతాయి. సుమారు 300 డిగ్రీల దగ్గర తయారయ్యే బయో-ఆస్‌లో అవి మన ఎముకలో ఉన్నంత సన్నగానే ఉండి, సూక్ష్మరంధ్రాలు మూసుకుపోకుండా నిలుస్తాయి. సీసాలోంచి గిన్నెలోకి వంపినప్పుడు బియ్యపు నూకలా పొడిపొడిగా జారే రేణువులు, గుంటలోని రక్తం కాస్త తగలగానే తడి ఇసుకలా ముద్దకట్టడం ఈ రంధ్రాల పుణ్యమే.

అయితే ఇది తనంతట తాను ఎముకను పుట్టించదు. చుట్టూ ఉన్న ఎముక పాకి రావడానికి పందిరి వేస్తుంది, అంతే. తీగ అల్లుకున్న తరువాత కూడా ఆ పందిరి ఏళ్ల తరబడి ఉంటుంది: ఆరు నెలలకు ఇంప్లాంట్ కోసం తెరిచినప్పుడు కొత్త ఎముకలో పొదిగినట్టు తెల్లని రేణువులు కనిపిస్తాయి. దీన్ని లోపమనేవారు ఉన్నారు. ముందు పళ్ల దగ్గర ఆకారం కుంగకూడదు కాబట్టి నాకు అక్కడ ఇదే గుణం. రేణువులు 0.25 నుంచి 1 మిల్లీమీటరు వరకు ఒక రకం, 1 నుంచి 2 మిల్లీమీటర్ల వరకు మరొక రకం. ఒంటి పన్ను గుంటకు చిన్నవే చాలు. తొలిరోజుల్లో నేను వీటిని గట్టిగా కూరేవాడిని, రక్తనాళాలు చొరబడే సందు లేక అడుగున ఎముక రాలేదు. తప్పు పూర్తిగా నా చేతిదే.

ఖరీదు మాట అటుంచితే, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఒక పెద్దావిడ ప్రశ్న. కుర్చీలో కూర్చుని, “ఆ పొడి దేనితో చేస్తారు డాక్టరుగారూ?” అని అడిగారు. ఆవు జాతి ఎముకతో అని చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. “చెప్పారు కాబట్టి సరిపోయింది. నాకు వద్దండీ” అన్నారు. ఆమెకు కృత్రిమంగా చేసిన బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ పెట్టాను. అది తొందరగా కరుగుతుంది కాబట్టి ఇంప్లాంట్ గడువును దగ్గరగా చూసుకోవలసి వచ్చింది. బయో-ఆస్ మీద తరచుగా కప్పే బయో-గైడ్ పొర పంది నుంచి తీసిన కొలాజెన్ అనే మాంసకృత్తుతో చేసినది కనుక, ఇదే మాట ముస్లిం రోగులకూ ముందే చెప్పాలి. ఇప్పుడు మా అంగీకార పత్రంలో ఏ సరుకు ఏ జంతువుదో తెలుగులో పెద్ద అక్షరాలతో ఉంటుంది, దాన్ని చదివి వినిపించిన తరువాతే సీసా మూత తీస్తాను.