డిస్క్ లాక్ ఓకే, కానీ అసలు కొనాల్సింది ఆ రిమైండర్ కేబుల్ కోసం

బైక్ మీద పరువు పోయేది స్పీడ్‌లో కాదండీ, పార్కింగ్‌లో. మా ఫ్రెండ్ ఒకడు హెల్మెట్, జాకెట్, గ్లవ్స్ అన్నీ వేసుకుని, డిస్క్ లాక్ (చక్రం తిరక్కుండా బ్రేక్ డిస్క్ రంధ్రంలో వేసే తాళం) తియ్యడం మాత్రం మర్చిపోయి స్టైల్‌గా క్లచ్ వదిలాడు, చక్రం ఒక రౌండ్ కూడా తిరక్కముందే లాక్ వెళ్ళి కాలిపర్‌కి (డిస్క్‌ని నొక్కి పట్టే బ్రేక్ భాగం) కొట్టుకుని బండి టక్కున ఆగి పక్కకి ఒరిగిపోయింది, చుట్టూ జనం, దెబ్బేం తగల్లేదు గానీ "ఏం కాలేదు ఏం కాలేదు" అంటూ లేచిన ఆ మొహం చూడాల్సిందే. డిస్క్ వంగినా కాలిపర్ దెబ్బతిన్నా ఆ ఖర్చు వేరే.

అందుకే ఈ స్ప్రింగ్ లాంటి పసుప్పచ్చ రిమైండర్ కేబుల్ నాకు నచ్చింది. ఒక చివర లాక్‌కి, ఇంకో చివర యాక్సిలరేటర్ గ్రిప్‌కి తగిలిస్తే చెయ్యి పెట్టగానే అడ్డొస్తుంది, మర్చిపోదామన్నా కుదరదు. అద్దానికి తగిలించారా, దండగ. చూడ్డానికి బాలేదని తీసేసేవాళ్ళకి ఓ దండం.

లాక్ సంగతికొస్తే పిన్ గట్టిగానే ఉంది, మీ డిస్క్ రంధ్రాల్లో పడుతుందో లేదో కొనేముందే చూస్కోండి. కీహోల్ మూత లూజు, వానలో బురద లోపలికి పోతోంది. 110 డెసిబెల్స్ అలారం మోడల్ కూడా ఉంది, పక్క బండి తగిలినా అరుస్తుంది, నేనైతే వద్దంటా. రాత్రంతా బయట పెట్టేవాళ్ళు మాత్రం దీన్నొక్కదాన్నే నమ్ముకోకండి, బండిని ఎత్తుకుపోతే ఇదేం ఆపలేదు, చెయిన్ కూడా కట్టండి.