కర్నూలు దగ్గర సుంకేసుల డ్యాం, దాని పక్కన చేపల బండి - నీళ్లుంటేనే పోండప్పా

డ్యాంకి నాలుగు స్టార్లు, చేపలకి ఐదు, సర్వీసుకి రెండే, అది కూడా ఎక్కువే.

ఎండాకాలం మాత్రం పోవద్దు, బండలు తప్ప ఏం కనపడవు. ఆగస్టు సెప్టెంబర్‌లో పైన తుంగభద్ర డ్యాం నిండి నీళ్లు వదిలినారని తెలిసినాక పోవాల, గేట్లు ఎత్తింటే పక్కనోడు చెప్పేది వినపడదు, తుంపర్లు మొఖాన కొడుతుంటాయి, అవతలి ఒడ్డు తెలంగాణ.

దీని అసలు పేరు కోట్ల విజయభాస్కర రెడ్డి బ్యారేజీ అంటే మాతో వచ్చిన పిల్లోడు, అది హైదరాబాద్‌లో ఇండోర్ స్టేడియం కదన్నా అన్నాడు! రెండుసార్లు సీఎం చేసి (1982-83, మళ్లీ 1992-94), ఏండ్లకేండ్లు కర్నూలు ఎంపీగా ఉన్న మనిషిరా అని చెప్పాల్సొచ్చింది. నన్నడిగితే స్టేడియం కంటే ఈ డ్యాంకి ఆ పేరు పెట్టడమే కరెక్టు. బ్రిటీషోళ్లు 1860ల్లో ఆనకట్ట కట్టింది ఇక్కడే, కేసీ (కర్నూలు-కడప) కాల్వ మొదలయ్యేది ఇక్కడే, అది కడప దాకా పోతాది, రెండున్నర లక్షల ఎకరాల పైన ఆయకట్టు. మన కర్నూల్లో వినాయక ఘాట్ దగ్గర నిమజ్జనం చేసేది ఈ నీళ్లలోనే.

ఇంక చేపలు. బండి పేరేం లేదు, ఒక పెద్దమ్మ, ఆమె కొడుకు. కారం, అల్లంవెల్లుల్లి, కొంచెం నిమ్మకాయ, అంతే, మన కండ్ల ముందరే పెనం మీద వేస్తాది, అంచులు కరకరమంటాయి లోపల మెత్తగా ఉంటాది. జొన్నరొట్టె అడగండి, ఉంటే ఇస్తాది. కానీ గంట వెయిటింగ్ అబ్బా, మా తర్వాత కార్లో వచ్చినోళ్లకి ముందు ఇచ్చేసినాడు ఆ కొడుకు, అడిగితే నవ్వుతాడు.

ఆ గంటలోనే పెద్దమ్మని కదిలిచ్చినా, కోట్ల పెద్దాయన గుర్తున్నాడా అని. "ఎందుకు గుర్తుండడు నాయనా, సారా బంద్ చేసింది ఆయన కాదా, పేరేమో రామారావుకి పోయె" అనింది. నిజమే, 1993లో సారా ఆపింది కోట్ల గవర్నమెంటే, మొత్తం మందు బంద్ తర్వాత ఎన్టీఆర్ వచ్చినాక. అయినా 94లో ఆయన పార్టీ ఓడిపోయింది కదమ్మా అంటే, "మా ఇంట్లో చెయ్యికే ఏసినాం, ఊరోళ్ల సంగతి నాకు తెల్దు" అని చేప తిరగేసింది.

ఫోన్‌పే పని చేయలా మాకు, చిల్లర పట్టుకుపోండి. పిల్లోళ్లని నీళ్ల దగ్గరికి వదలొద్దు, వరద టైంలో అస్సలొద్దు.