మన ఎండాకాలానికి ఏది మేలు: ఓవర్‌క్లాకా, అండర్‌వోల్టా? గాలి కూలరా, లిక్విడ్ కూలరా?

మా పిన్ని కొడుకు పాలకొల్లు నుంచి ఫోన్ చేసి, "అన్నయ్యా, లిక్విడ్ కూలర్ పెట్టించి ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ చేద్దామనుకుంటున్నా, చేసేయమంటావా?" అని అడిగాడు. ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడు కంటే ఎక్కువ స్పీడులో నడపడం. వాడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు, ముహూర్తాలు మొదలయ్యాయంటే రాత్రీ పగలూ రెండర్లే. వద్దురా అని ఫోన్ పెట్టేశాను గానీ ఎందుకు వద్దో సరిగ్గా చెప్పలేదు. భీమవరంలోనూ తణుకులోనూ తెలిసినవాళ్లు ఇదే అడుగుతున్నారు కాబట్టి అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం అర్థం చేసుకోండి. గాలి కూలరైనా లిక్విడ్ కూలరైనా గది వేడి కంటే కిందికి ప్రాసెసర్‌ని దించలేదు. రివ్యూల్లో చూపించే అంకెలు చాలావరకు 20, 25 డిగ్రీల ఏసీ గదిలో తీసినవి. రోహిణి కార్తెలో మేడ మీద రేకుల గదిలో, మధ్యాహ్నం 38 డిగ్రీల్లో మనం పని చేస్తాం. అక్కడ వీడియోలో 75 చూపించిన కూలర్ ఇక్కడ 88, 90 చూపిస్తే కూలర్ తప్పు కాదు, గది తేడా మొత్తం దానిమీద కలుస్తుంది, అంతే.

ఇక ఓవర్‌క్లాక్ సంగతి. 1998లో వచ్చిన సెలరాన్ 300ఏ అనే ఇంటెల్ చిప్ ఉండేది, బస్ స్పీడు (చిప్‌కీ బోర్డుకీ మధ్య దారి స్పీడు) 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్‌ది కాస్తా 450కి వెళ్లేది, అంటే ఏకంగా సగం స్పీడు ఉచితం. ఓవర్‌క్లాకింగ్ మీద అంత మోజు పెరిగింది అలాంటి చిప్‌ల వల్లే. ఇప్పటి ప్రాసెసర్లు అలా లేవు. ఫ్యాక్టరీ నుంచే బూస్ట్ పేరుతో చిప్‌లో ఉన్న సత్తువంతా దాదాపు వాడేసుకుని వస్తున్నాయి, మనం కష్టపడి పిండితే మామూలుగా మిగిలేది నాలుగైదు శాతం. ఆ కాస్తకి కట్టే ఖరీదు మాత్రం ఎక్కువ, ఎందుకంటే వేడి స్పీడుతో పాటు మామూలుగా పెరుగుతుంది గానీ వోల్టేజీతో వర్గంలా పెరుగుతుంది. స్పీడు 5 శాతం, దానికోసం వోల్టేజీ 10 శాతం పెంచారనుకోండి, వేడి సుమారు 27 శాతం పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం అంత వేడిని బయటికి తోయడం మన గదుల్లో కష్టం, పైగా కరెంటు పోతే యూపీఎస్ కూడా అంత తొందరగా చేతులెత్తేస్తుంది.

చెయ్యాలనుకున్నా అన్ని మెషీన్లలో కుదరదు. ఇంటెల్‌లో పేరు చివర కె ఉన్న చిప్, జెడ్ సిరీస్ మదర్‌బోర్డు రెండూ ఉండాలి. ఏఎండీ వాళ్ల రైజెన్‌లో చాలా చిప్‌లకు తాళం లేదు, బి450, బి550, బి650 బోర్డులు చాలు, కానీ ఏ320, ఏ520 బోర్డుల మీద కుదరదు. ఓవర్‌క్లాక్ వల్ల చిప్ పోతే వారంటీ వర్తించదని రెండు కంపెనీలూ చెబుతాయి. వోల్టేజీ ఎక్కువైతే ఏమవుతుందో 2024లో అందరం చూశాం, ఇంటెల్ 13, 14వ తరం పెద్ద చిప్‌లు మనం చెయ్యి పెట్టకుండానే అవసరానికి మించి వోల్టేజీ అడిగి పాడైపోతుంటే, కంపెనీ ఆగస్టులో మైక్రోకోడ్ (చిప్ లోపలి సూచనలు) అప్‌డేట్ ఇచ్చి, వారంటీ మరో రెండేళ్లు పెంచాల్సి వచ్చింది. మీ దగ్గర ఆ చిప్ ఉంటే ఇది చదవడం ఆపి ముందు బయోస్ (మదర్‌బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చెయ్యండి.

దీనికి ఎదురుగా అండర్‌వోల్ట్‌ని పెట్టి చూడండి, అంటే చిప్‌కి ఇచ్చే వోల్టేజీ కాస్త తగ్గించడం. నాది రైజెన్ 7 5800ఎక్స్, మామూలు టవర్ కూలర్ (నిలువుగా రేకులూ ఫ్యానూ ఉండే గాలి కూలర్). సెట్టింగులు ముట్టుకోకుండా వదిలేస్తే 142 వాట్ల దాకా లాగేది, మే నెలలో సినీబెంచ్ (ప్రాసెసర్‌కి పూర్తి లోడు పెట్టి స్కోరు ఇచ్చే టెస్టు) పెడితే రెండు నిమిషాల్లో 90 డిగ్రీలు, అంటే ఆ చిప్ హద్దు, తాకేది. బయోస్‌లో కర్వ్ ఆప్టిమైజర్ (వోల్టేజీ తగ్గించే సెట్టింగు) మైనస్ 20 పెట్టి, పవర్ లిమిట్ 110 వాట్లకు తగ్గించాను. అదే గదిలో 76, 77 దగ్గర ఆగింది, స్కోరు పోయింది రెండు మూడు శాతం. రెండర్ టైములో ఆ తేడా నాకు తెలియనేలేదు, ఫ్యాన్ మోత తగ్గడం మాత్రం మొదటి రోజే తెలిసింది. ఒక జాగ్రత్త: మైనస్ ఎక్కువ పెడితే లోడు మీద బాగానే నడిచి, ఖాళీగా ఉన్నప్పుడు ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది. అందుకే మైనస్ 10తో మొదలెట్టి వారం రోజులు వాడి చూశాకే పెంచండి, అందరి చిప్ ఒకేలా ఉండదు. ఇంటెల్ వాళ్లకు వోల్టేజీ తగ్గించే అవకాశం కొన్ని బోర్డుల్లో మూసేసి ఉంటుంది, అయినా పవర్ లిమిట్లు తగ్గించుకోవచ్చు, దాంతోనే సగం పని అయిపోతుంది.

గాలా, నీళ్లా అన్నది తర్వాతి ప్రశ్న. లిక్విడ్ అనగానే ఫ్రిజ్‌లా చల్లబరుస్తుందని చాలామంది అనుకుంటారు. నీళ్లు వేడిని ప్రాసెసర్ దగ్గర్నుంచి రేడియేటర్ దాకా మోస్తాయి, అక్కడ చల్లార్చాల్సింది మళ్లీ మన గదిలో గాలే. టవర్ కూలర్‌లోనూ జరిగేది దాదాపు ఇదే: రాగి గొట్టాల్లో ఉన్న కాస్త ద్రవం కింద ఆవిరై, పైన రేకుల దగ్గర చల్లారి, మళ్లీ కిందికి వస్తుంది, పంపు లేదు, ఫ్యాన్ తప్ప చెడిపోవడానికి ఏమీ లేదు. కాబట్టి ఏది కొన్నా కేబినెట్‌లోంచి వేడిగాలి బయటికి పోయే దారి ముఖ్యం. మన చేలకి బోదె ఎంత పెద్దదైనా, డ్రెయిన్‌లో గుర్రపుడెక్క పట్టేస్తే నీళ్లు లాగవు కదా, ఇదీ అంతే. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి, గోడకి జానెడు ఎడం. పదివేల కూలర్ కొనే ముందు ఈ పని చేసి చూడండి.

మన వైపు లిక్విడ్‌కి ఇంకో చిక్కు ఉంది. దాళవా కోతల టైములో రైస్ మిల్లుల దుమ్ము, ఊక గాలిలో తేలుతూ వచ్చి రేడియేటర్ సన్నటి సందుల్లో ఇరుక్కుంటాయి. టవర్ కూలర్‌కీ పడుతుంది గానీ ఫ్యాన్ తీసి బ్లోయర్ పెడితే ఐదు నిమిషాల్లో శుభ్రం (ఫ్యాన్ తిరక్కుండా వేలితో పట్టుకోండి). నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఏ లోహమూ ఎక్కువ కాలం కొత్తగా ఉండదు, అక్కడివాళ్లు నెలకోసారైనా తెరిచి చూసుకోవాలి. పంపు సంగతి సరేసరి. మా బావ దగ్గర లిక్విడ్ కూలర్ నాలుగో ఏట పంపు ఆగిపోయింది, సరిగ్గా డెలివరీ ఇవ్వాల్సిన రోజు. సర్వీస్‌కి పంపితే తిరిగి రావడానికి మూడు వారాలు పట్టింది, అన్నాళ్లూ పక్కవాళ్ల మెషీన్ బతిమాలుకున్నాడు. టవర్ మీద ఫ్యాన్ పోతే ఊళ్లో ఏ కంప్యూటర్ షాపులోనైనా ఇంకోటి దొరుకుతుంది, సాయంత్రానికి పని నడుస్తుంది. నాకు అన్నిటికంటే పెద్ద తేడా ఇదే.

అలాగని లిక్విడ్ ఎవరికీ వద్దనను. ఐ7-13700కె లాంటిది 253 వాట్ల దాకా లాగుతుంది, దానితో గంటలకొద్దీ ఫుల్ లోడు పనిచేసేవాళ్లకు, అదీ ఏసీ గది ఉంటే, 360 మిల్లీమీటర్ల రేడియేటర్ ఉన్న లిక్విడ్ కూలర్ నిజంగానే మేలు. బిగించేటప్పుడు రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తులో ఉండేలా చూసుకోండి, లేకపోతే గాలి బుడగలు పంపులో చేరి గరగరమంటుంది.

ఇంకొకటి, కేబినెట్ పక్కన నీళ్ల కూలర్, అదే వట్టివేళ్ల తడకల కూలర్, పెడుతున్నవాళ్లు దయచేసి తీసేయండి. పొడి ఎండల్లో అది పనిచేస్తుంది, మన గాలిలో ముందే తేమ నిండి ఉంటుంది కాబట్టి చల్లదనం కొంచెం, బోర్డు మీద చెమ్మ ఎక్కువ.

మా తమ్ముడి విషయానికొస్తే, వాడిది రైజెన్ 5 5600ఎక్స్, 76 వాట్లు దాటని చిప్, దానికి లిక్విడ్ అనవసరం. పైగా వాడు ఎక్స్‌పోర్ట్ చేసేది గ్రాఫిక్స్ కార్డ్ ఎన్‌కోడర్ (వీడియో ఫైలు తయారుచేసే భాగం) మీద, అక్కడ ప్రాసెసర్ స్పీడు పెంచినా పెద్దగా కలిసిరాదు. మొన్న ఆదివారం వెళ్లి మూడు వేల లోపు టవర్ కూలర్ ఒకటి బిగించి, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య ఎండిపోయిన పాత పేస్టు తుడిచి కొత్తది రాసి, కర్వ్ ఆప్టిమైజర్ మైనస్ 15 పెట్టి వచ్చాను. మిగిలిన డబ్బుతో ర్యామ్ 16 నుంచి 32కి పెంచుకున్నాడు. పేస్టు సర్దుకున్నాక వచ్చే వారం మళ్లీ టెంపరేచర్లు పంపిస్తానన్నాడు.