పట్టు ట్విల్ స్కార్ఫ్: ముడి కంటే ముందు నేతను చూడాలి

ఈ సమీక్ష 90 సెంటీమీటర్ల చదరపు పట్టు స్కార్ఫ్ గురించి. స్కార్ఫ్ అందంగా కట్టుకోవడం నేర్పేవారు సాధారణంగా ముడుల దగ్గర మొదలుపెడతారు. కానీ కట్టిన ముడి సాయంత్రం దాకా నిలుస్తుందా, గంటలోనే జారిపోతుందా అన్నది వేళ్ళ నేర్పు కంటే ముందుగా నేతే నిర్ణయిస్తుందని నా దృఢమైన అభిప్రాయం. శాటిన్ నేతలో పోగులు పొడవుగా పైకి తేలి ఉంటాయి కాబట్టి ఆ నునుపుకు ముడి త్వరగా వదులవుతుంది. ట్విల్ నేతలోని సన్నని ఏటవాలు గీతలు మాత్రం ఒక మడతకు మరో మడతను పట్టి ఉంచుతాయి. ఈ స్కార్ఫ్ పట్టు బరువును కొలిచే మామీ లెక్కలో 14, అంటే చదరపు మీటరుకు సుమారు 60 గ్రాములు. మొత్తం స్కార్ఫ్ 50 గ్రాములకు మించదు. మెడకు భారం అనిపించకుండానే ముడికి నిండుదనం వచ్చేది ఈ బరువులోనే.

దీన్ని మడిచే తీరు మీద కొంత శ్రద్ధ పెట్టాలి. ఎదురెదురు మూలలను మధ్యకు తెచ్చి, అదే వరసలో మళ్ళీ మళ్ళీ మడిస్తే, రెండు వేళ్ళ వెడల్పున పొడవైన పట్టీ తయారవుతుంది. అంచుకు సమాంతరంగా మడిస్తే పొడవు 90 సెంటీమీటర్లే. మూల నుంచి మూలకు అయితే దాదాపు 127. అంతకంటే ముఖ్యంగా, గుడ్డ ఏటవాలు దిశలో కొద్దిగా సాగుతుంది కాబట్టి పట్టీ మెడ వంపును అనుసరించి మెత్తగా ఒదుగుతుంది. 35 సెంటీమీటర్ల మెడకు రెండు చుట్లు తిప్పినా చెరో వైపు 28 సెంటీమీటర్లు మిగులుతుంది; చిన్న ముడికి అది చాలు. 70 సెంటీమీటర్ల స్కార్ఫుతో ఈ రెండు చుట్ల పద్ధతి కుదరదు, కొనేముందు ఈ లెక్క వేసుకోవాలి.

డిజైన్‌నూ రంగులనూ పరచి చూసి మెచ్చుకుంటాం గానీ, కట్టుకున్నాక కనబడేది దానిలో కొంత భాగమే. పట్టీగా మడిచి ముందు ముడి వేస్తే మధ్యలోని బొమ్మ మెడ వెనక్కి పోయి, మూలల రంగులే ముందుకు వస్తాయి. త్రికోణంగా మడిచి కొన ఛాతీ మీదకు వచ్చేలా కడితే ఒక మూల మొత్తం విప్పారి కనిపిస్తుంది. ఈ స్కార్ఫులో లేత నీలం మధ్యభాగం సాదాగా ఉండి, నాలుగు మూలల్లోనూ ఎర్రని తీగల బొమ్మలు దట్టంగా ఉన్నాయి. రూపొందించినవారు దీన్ని గోడకు తగిలించే బొమ్మగా కాక మెడకు చుట్టుకునే వస్త్రంగా భావించారని అక్కడే తెలుస్తుంది, ఇది నాకెంతో నచ్చింది. సాదా చొక్కా, తెరిచిన కాలరు ఉంటే పట్టీని కాలరు లోపల నుంచి తిప్పి ముడిని ఒక పక్కకు జరపడం బాగుంటుంది. మెడ దాకా మూసుకున్న దుస్తులపై త్రికోణం మేలు. పెద్ద పూల దుస్తుల మీద మాత్రం దీన్ని వేసుకోవద్దు. రెండు డిజైన్లు పోటీ పడి రెండూ చెదిరిపోతాయి.

లోపాలు రెండున్నాయి. అంచు యంత్రంతో చదునుగా కుట్టినది. చేత్తో చుట్టి కుట్టిన అంచుకుండే గుండ్రదనం లేక, ముడి కొసలు కాస్త బిరుసుగా, నిటారుగా నిలబడతాయి. ఉతికే సూచనల చీటీని సరిగ్గా ఒక మూలలో కుట్టారు. అది బయటికి కనబడే చోటు కాబట్టి, సూచనలు వేరే రాసుకుని, కుట్టును మాత్రమే జాగ్రత్తగా విప్పి తీసేయాలి.

సెంటు చల్లుకుని, అది పూర్తిగా ఆరిన తరువాతే స్కార్ఫ్ వేసుకోవాలి, లేకపోతే మరకలు పడతాయి. చల్లని నీటిలో తేలికపాటి సబ్బుతో ఉతికి, పిండకుండా నీడన ఆరేసి, తక్కువ వేడిమీద వెనుక వైపు నుంచి ఇస్త్రీ చేస్తే మెరుపు నిలుస్తుంది. చలి కాచుకోవడానికైతే ఇది పనికిరాదు, దానికి పొడవైన ఉన్ని స్కార్ఫే కావాలి. దుస్తులకు మెడ దగ్గర ఒక రంగు, ఒక ముగింపు కోరుకునేవారికి మాత్రం, యంత్రపు అంచు ఉన్నప్పటికీ, దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను.